ఇంటికి వాటర్ సాఫ్ట్‌నర్ బిగించడం: ప్రెషర్, డ్రైను, ఉప్పునీళ్లు

సాఫ్ట్‌నర్ పెట్టించిన ఆరు నెలలకే కుళాయిల మీద మళ్లీ తెల్ల చారలు కడితే మిషను పాడైందనుకుంటారు చాలామంది. విప్పి చూస్తే మిషను నిక్షేపంగా ఉంటుంది. దాన్ని కడగడానికి కావాల్సిన ప్రెషర్ లైనులో ఉండదు, లేదా డ్రైను గొట్టం ఎక్కడో నలిగిపోయి ఉంటుంది, లేదా ఉప్పు ట్యాంకులో ఉప్పునీళ్లు కదలకుండా అలాగే నిలబడి ఉంటాయి. అంటే తప్పు బిగించిన రోజునే జరిగిపోయింది. అందుకే ఇక్కడ మిషను ఎంపిక గురించి కొంచెమే ఉంటుంది, బిగింపు గురించే ఎక్కువ.

హార్డ్‌నెస్‌కి, అంటే నీళ్ల గట్టితనానికి, కారణం నీళ్లలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం. సాఫ్ట్‌నర్ వెసెల్‌లో, అంటే దాని పొడవాటి ట్యాంకులో, రెసిన్ పూసలుంటాయి. తేనె రంగులో, ఆవగింజ కన్నా చిన్నగా, 0.3 నుంచి 1.2 మిల్లీమీటర్ల సైజులో ఉండే ఈ పూసలు సోడియాన్ని పట్టుకుని ఉంటాయి. నీళ్లు వాటి మధ్య నుంచి దిగేటప్పుడు కాల్షియం, మెగ్నీషియం పూసలకి అంటుకుంటాయి, వాటి బదులు సోడియం నీళ్లలోకి వచ్చేస్తుంది. కొన్ని వేల లీటర్లు పోయాక పూసలు నిండిపోతాయి. అప్పుడు సుమారు 10 శాతం ఉప్పునీళ్లని వాటి మీదుగా నెమ్మదిగా పంపితే, పట్టిన కాల్షియం, మెగ్నీషియం వదిలి డ్రైనులోకి పోతాయి, పూసలు మళ్లీ సోడియంతో సిద్ధమవుతాయి. దీన్నే రీజనరేషన్ అంటారు. అది సరిగ్గా జరిగితే రెసిన్ ఏళ్ల తరబడి పనిచేస్తుంది. జరగకపోతే ఎంత ఖరీదైన మిషనైనా నీళ్లు పోయే ఇంకో గొట్టమే.

ఒక్క మాట ముందే. సాఫ్ట్‌నర్ టీడీఎస్‌ని (నీళ్లలో కరిగి ఉన్నవాటన్నిటి మొత్తాన్ని) తగ్గించదు. కాల్షియం పోయిన చోట సోడియం వస్తుంది కాబట్టి టీడీఎస్ మీటరు పెట్టి చూస్తే ముందూ వెనకా దాదాపు ఒకే అంకె కనిపిస్తుంది, ఒక్కోసారి కాస్త ఎక్కువ కూడా. ఆ మీటరు చూసి "పనిచేయట్లేదు" అని గొడవపడటం అనవసరం. పనితీరు తెలియాలంటే హార్డ్‌నెస్ కిట్ కావాలి.

ముందు నీళ్లు చూడండి

చుక్కల కిట్ ఒకటి తెచ్చుకోండి. గాజు సీసాలో గీత వరకు నీళ్లు తీసుకుని, బఫర్ చుక్కలు, రంగు పొడి వేస్తే నీళ్లు వైన్ ఎరుపులోకి మారతాయి. తర్వాత మూడో సీసాలోని ద్రావణాన్ని ఒక్కో చుక్కా వేస్తూ, ప్రతి చుక్కకీ కలుపుతూ లెక్కపెట్టండి. ఎరుపు పూర్తిగా పోయి స్వచ్ఛమైన నీలం వచ్చిన చుక్క దగ్గర ఆగాలి. మధ్యలో వచ్చే ఊదా రంగు చూసి ఆపేస్తే అంకె తక్కువొస్తుంది. చుక్కకి ఎన్ని పీపీఎం (లీటరుకి ఎన్ని మిల్లీగ్రాములు) అన్నది కిట్ మీదే రాసి ఉంటుంది. 60 లోపు మెత్తటి నీళ్లు, 120 దాటితే గట్టి నీళ్లు, 180 దాటితే బాగా గట్టివి. బోరు నీళ్లలో 400, 600 రావడం వింతేమీ కాదు. రిపోర్టులో గ్రెయిన్స్ పర్ గ్యాలన్ అని ఉంటే 17.1తో గుణిస్తే పీపీఎం వచ్చేస్తుంది.

హార్డ్‌నెస్‌తో పాటు ఐరన్ కూడా తప్పనిసరిగా చూడాలి. పట్టినప్పుడు తేటగా ఉండి, బకెట్లో కొన్ని గంటలు ఉంచితే ఎర్రబడే నీళ్లలో ఐరన్ ఉన్నట్టే. కరిగి ఉన్న ఐరన్‌ని రెసిన్ కొంతవరకు పట్టుకుంటుంది, కానీ తుప్పుగా మారిన ఐరన్ పూసల మీద పొరలా పేరుకుని వాటిని మూసేస్తుంది. లీటరుకి 1 మిల్లీగ్రాము దాటితే సాఫ్ట్‌నర్ ముందు ఐరన్ ఫిల్టరు పెట్టడమే మేలు. అంతకన్నా తక్కువుంటే, ప్రతి 1 మిల్లీగ్రాము ఐరన్‌కీ హార్డ్‌నెస్ మీద 70 పీపీఎం అదనంగా కలిపి లెక్క వేయండి. క్లోరిన్ కలిపిన నీళ్లయితే అది 1 పీపీఎం లోపే ఉండేలా చూడాలి. ఎక్కువైతే పూసలు ఏళ్లు గడిచేకొద్దీ మెత్తబడి పిండిలా అవుతాయి, ప్రెషర్ పడిపోతుంది.

సైజు లెక్క

ఐదుగురున్న ఇంట్లో మనిషికి రోజుకి 150 లీటర్లనుకుంటే 750 లీటర్లు. హార్డ్‌నెస్ 400 అంటే లీటరుకి 0.4 గ్రాములు. రోజుకి తీయాల్సింది 300 గ్రాములు. రెసిన్ లీటరుకి 100 గ్రాముల ఉప్పుతో కడిగితే దగ్గరదగ్గర 45 గ్రాముల హార్డ్‌నెస్ పట్టుకుంటుంది. 10 అంగుళాల వ్యాసం, 54 అంగుళాల ఎత్తున్న వెసెల్‌లో 28 లీటర్ల రెసిన్ పడుతుంది. దీన్నే దుకాణాల్లో 1054 అంటారు. 28 లీటర్లు 45తో గుణిస్తే 1260 గ్రాములు, అంటే 3150 లీటర్ల నీళ్లు. ఒక రోజు వాడకం రిజర్వుగా పక్కన పెడితే 2400 లీటర్లకోసారి, మూడు నాలుగు రోజులకోసారి రీజనరేషన్. ఒక్కో దానికి 2.8 కిలోల ఉప్పు.

ఉప్పు ఎక్కువ వేస్తే ఎక్కువ పట్టుకుంటుంది కదా అని అడుగుతారు. నిజమే, లీటరుకి 240 గ్రాములు వేస్తే 68 గ్రాముల దాకా పట్టుకుంటుంది. అంటే ఉప్పు రెండింతలకు పైగా పెరిగితే సామర్థ్యం ఒకటిన్నర రెట్లే. తరచుగా, తక్కువ ఉప్పుతో కడగడమే లాభం. పైగా రెసిన్ ఎక్కువ రోజులు కదలకుండా ఉంటే గట్టిపడి నీళ్లకి దారులు పడిపోతాయి. అందుకే అవసరానికి మించి పెద్ద వెసెల్ కొనడం కూడా తప్పే.

రెండో లెక్క చాలామంది వదిలేస్తారు. అది ప్రవాహం. గంటకి రెసిన్ పరిమాణానికి 40 రెట్ల వరకు నీళ్లు పంపవచ్చు. 28 లీటర్లకైతే గంటకి 1100 లీటర్లు, నిమిషానికి 18. రెండు షవర్లు, ఒక వాషింగ్ మిషను ఒకేసారి నడిచినా దీంతో గడిచిపోతుంది. అంతకన్నా వేగంగా లాగితే పూసలకి పట్టుకునే సమయం చాలక హార్డ్‌నెస్ జారిపోతుంది.

ఎక్కడ పెట్టాలి

ఇక్కడ తొందరపడకండి. వెసెల్ మీద కూర్చుని రీజనరేషన్ దశలన్నీ నడిపే ఆటోమేటిక్ వాల్వుకి కనీసం 1.5 బార్ ప్రెషర్ ఉండాలి, 2 నుంచి 4 మధ్య ఉంటే హాయి, 8 దాటకూడదు. వాల్వు లోపల చిన్న ఇంజెక్టర్ ఉంటుంది. నీళ్లు దాని సన్నని రంధ్రంలోంచి వేగంగా దూసుకుపోయేటప్పుడు పుట్టే లాగుడుతోనే ఉప్పునీళ్లు పైకి వస్తాయి. వేరే పంపు ఏదీ ఉండదు. ప్రెషర్ లేకపోతే లాగుడు లేదు, లాగుడు లేకపోతే రీజనరేషన్ లేదు.

ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి నేరుగా నీళ్లు దిగే ఇళ్లలో చిక్కంతా ఇదే. 10 మీటర్ల ఎత్తుకి 1 బార్. ట్యాంకు 3 మీటర్ల పైనుంటే సాఫ్ట్‌నర్ దగ్గర వచ్చేది 0.3 బార్. డిస్‌ప్లే వెలుగుతుంది, మోటారు తిరుగుతుంది, టైముకి రీజనరేషన్ జరిగినట్టే చూపిస్తుంది. ఉప్పు మాత్రం తగ్గదు.

దీనికి మంచి మార్గం, ట్యాంకు తర్వాత ప్రెషర్ పంపు పెట్టి, దాని తర్వాత సాఫ్ట్‌నర్ పెట్టడం. ట్యాంకు, పంపు, సెడిమెంట్ ఫిల్టరు, సాఫ్ట్‌నర్, ఇల్లు అన్నది వరస. ఈ వరసలోనూ ఒక మెలిక ఉంది. ఉప్పునీళ్లు లాగే దశలో నీళ్లు నిమిషానికి 2 లీటర్ల లోపే కదులుతాయి. కొన్ని ఆటోమేటిక్ పంపుల ఫ్లో స్విచ్ అంత సన్నని ప్రవాహాన్ని పట్టించుకోదు. పంపు ఆగుతుంది, ప్రెషర్ పడుతుంది, మళ్లీ మొదలవుతుంది. గంటసేపు ఇలా కొట్టుకుంటే పంపుకీ మంచిది కాదు, ఇంజెక్టరూ సరిగ్గా లాగదు. పంపు పక్కన 20 లీటర్లకి తగ్గని ప్రెషర్ వెసెల్ ఒకటి పెట్టి, పంపుని ప్రెషర్ స్విచ్‌తో నడిపితే ఈ గొడవ ఉండదు.

బోరు మోటారుకీ ఓవర్‌హెడ్ ట్యాంకుకీ మధ్య లైనులో పెట్టమని కొందరు సలహా ఇస్తారు. ప్రెషర్ పంపు ఖర్చు మిగులుతుంది, నిజమే. కానీ మూడు చిక్కులొస్తాయి. మోటారు గంటకి 4000, 5000 లీటర్లు తోస్తుంటే 28 లీటర్ల రెసిన్ దాన్ని తట్టుకోలేదు, నీళ్లు సగం గట్టిగానే ట్యాంకు చేరతాయి. ఈ లైనులోనే పెట్టాలంటే వెసెల్‌ని మోటారు ప్రవాహానికి సరిపడా కొనాలి. రెండోది, ఆటోమేటిక్ వాల్వు రాత్రి 2 గంటలకి రీజనరేషన్ మొదలుపెడితే అప్పుడు మోటారు ఆగి ఉంటుంది. ఇక్కడ మనిషి తిప్పే మల్టీపోర్ట్ వాల్వే నయం, మోటారు వేసినప్పుడే కడగాలి. మూడోది ప్రమాదకరం. రీజనరేషన్‌లో నీళ్లు డ్రైనులోకి సన్నగానే పోతాయి. లోతైన బోరులోని సబ్‌మెర్సిబుల్‌కి దారి మూసుకుపోతే ప్రెషర్ ఒక్కసారిగా 8 బార్ దాటిపోగలదు. అప్పుడు వెసెల్‌గానీ వాల్వుగానీ పగులుతుంది. ముందు రిలీఫ్ వాల్వు (ప్రెషర్ ఎక్కువైతే తెరుచుకునేది) పెట్టకుండా ఇలా బిగించకూడదు. ఇక మోటారు ఆగగానే పైపులోని నీళ్లు వెనక్కి జారి వెసెల్‌లో శూన్యం ఏర్పడితే ఫైబర్ వెసెల్ లోపలికి నొక్కుకుపోతుంది. సాఫ్ట్‌నర్‌కి ముందు ఎన్‌ఆర్‌వీ (నీళ్లని వెనక్కి పోనివ్వని వాల్వు), సాఫ్ట్‌నర్ పైభాగాన వ్యాక్యూమ్ బ్రేకర్ (శూన్యం ఏర్పడితే గాలిని లోపలికి వదిలేది) ఉండి తీరాలి.

మిగతావి త్వరగా చూద్దాం. నేల సమంగా, గట్టిగా ఉండాలి. నీళ్లూ రెసినూ నిండిన 1054 వెసెల్ సుమారు 80 కిలోలు తూగుతుంది, పక్కన ఉప్పు ట్యాంకు ఇంకో వంద. వాల్వుతో కలిపి ఎత్తు మీటరున్నర దాటుతుంది. విప్పేటప్పుడు లోపలి గొట్టం పైకి లాగాలి కాబట్టి పైన ఖాళీ ఉంచండి. డాబా మీద ఎండలో పెట్టొద్దు. నీళ్లు 40 డిగ్రీలు దాటితే వాల్వులోని సీళ్లు పాడవుతాయి, ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. తప్పదంటే పైన రేకు వేసి నాలుగు వైపులా గాలాడేలా ఉంచండి. దగ్గర్లో కరెంటు సాకెట్టు, నేల మీద డ్రైను రెండూ ఉండాలి. సాకెట్టుకి ఇన్వర్టర్ సరఫరా ఇస్తే ఇంకా మంచిది. బ్యాక్‌వాష్ (పూసల్ని కింది నుంచి పైకి నీళ్లతో కడిగే దశ) మధ్యలో కరెంటు పోతే వాల్వు ఆ దశలోనే ఆగిపోతుంది, కరెంటు వచ్చేదాకా ట్యాంకు నీళ్లు డ్రైనులోకి పోతూనే ఉంటాయి.

ఏ కుళాయికి ఏ నీళ్లు

పైపు కోసే ముందు నిర్ణయించుకోవాల్సింది ఇది. బయట మొక్కలకిచ్చే కుళాయిని సాఫ్ట్‌నర్‌కి ముందే విడదీయండి. సోడియం మట్టిని గట్టిపరుస్తుంది, పైగా మెత్తటి నీళ్లు అక్కడ దండగ. తాగే నీళ్ల సంగతి వేరు. ప్రతి 100 పీపీఎం హార్డ్‌నెస్‌కీ లీటరుకి 46 మిల్లీగ్రాముల సోడియం చేరుతుంది. 400 ఉన్న నీళ్లయితే 184. ఉప్పు తగ్గించమని డాక్టరు చెప్పినవాళ్లూ, పసిపిల్లలకి పాలపొడి కలిపేవాళ్లూ ఉన్న ఇంట్లో వంటింటి కుళాయికి విడిగా మామూలు నీళ్ల లైను ఇవ్వండి. ఆర్‌ఓ ఉంటే దానికి మాత్రం మెత్తటి నీళ్లే ఇవ్వండి. సోడియాన్ని అది తీసేస్తుంది, మెంబ్రేన్ మీద సున్నం పట్టదు.

పైపు పని

కావాల్సినవి: సాఫ్ట్‌నర్ సైజుకి తగ్గ మూడు బాల్ వాల్వులు (వాల్వుతో పాటు బైపాస్, అంటే సాఫ్ట్‌నర్‌ని తప్పించి నీళ్లు పంపే దారి, వస్తే అక్కర్లేదు), రెండు యూనియన్లు, రెండు టీలు, ఎల్బోలు, 20 నుంచి 50 మైక్రాన్ల సెడిమెంట్ ఫిల్టరు, ముందూ వెనకా రెండు ప్రెషర్ గేజీలు, రెండు శాంపిల్ కుళాయిలు, అర అంగుళం డ్రైను గొట్టం, క్లిప్పులు, టెఫ్లాన్ టేపు, సిలికాన్ గ్రీజు. గేజీలు, శాంపిల్ కుళాయిలు లేకపోయినా నడుస్తుంది. కానీ తర్వాత ఏ తేడా వచ్చినా గుడ్డిగా వెతకాల్సి వస్తుంది.

మెయిన్ వాల్వు కట్టేసి, కింది కుళాయి తెరిచి లైను ఖాళీ చేయండి. గీజర్ ఆపేయండి. మెయిన్ లైను కోసి రెండు టీలు వేసి, వాటి మధ్య ఒక బాల్ వాల్వు పెట్టండి. ఇది బైపాస్. మొదటి టీ నుంచి ఇన్‌లెట్ వాల్వు, రెండో టీ నుంచి అవుట్‌లెట్ వాల్వు. వాటి తర్వాత యూనియన్లు, ఆ తర్వాతే సాఫ్ట్‌నర్. యూనియన్ లేకుండా సాల్వెంటుతో అతికించేస్తే రేపు వాల్వు విప్పాలంటే పైపు కోయాల్సిందే.

వాల్వు మీద ఇన్, అవుట్ బాణాలు చూసి బిగించండి. తారుమారైతే నీళ్లు కింది నుంచి పైకి పోయి పూసలు కుళాయిల్లోకి వస్తాయి, వాల్వులో నీళ్లు లెక్కపెట్టే మీటరూ తిరగదు. వాల్వుకి ఎదురుగా నిలబడి చూస్తే ఇన్‌లెట్ ఎడమవైపు ఉంటుందా కుడివైపు ఉంటుందా అన్నది కంపెనీని బట్టి మారుతుంది. అలవాటు మీద వెళ్లకండి.

ప్లాస్టిక్ మరలకి టెఫ్లాన్ టేపు చాలు. చేత్తో బిగించి, ఆపైన స్పానర్‌తో పావు చుట్టు. బలం ఎక్కువైతే వాల్వు నోరు పగులుతుంది, పగులు కూడా వెంటనే కనిపించదు. ఓ-రింగులకి సిలికాన్ గ్రీజే రాయాలి. పెట్రోలియం జెల్లీ రబ్బరుని ఉబ్బిస్తుంది. సీపీవీసీ సాల్వెంటు చుక్కలు వాల్వు లోపలికి పోకుండా, అడాప్టర్లని విడిగా అతికించి ఆరాక తెచ్చి తగిలించండి. రాగి పైపైతే టంకం పని వాల్వుకి దూరంగా పూర్తిచేసుకోండి. ఇంట్లో ఎర్తింగు లోహపు నీళ్ల పైపు మీద ఆధారపడి ఉంటే, మధ్యలో ప్లాస్టిక్ వాల్వు వచ్చి అది తెగిపోతుంది. రెండు పైపు ముక్కల్నీ రాగి తీగతో క్లాంపులు వేసి కలపాలి.

గీజర్ దగ్గరలోనే ఉంటే మధ్యలో కనీసం 3 మీటర్ల పైపు, ఒక ఎన్‌ఆర్‌వీ పెట్టండి. వేడి నీళ్లు వెనక్కి తన్ని వాల్వు సీళ్లని, మీటరుని పాడుచేస్తాయి.

డ్రైను లైను, ఓవర్‌ఫ్లో

ఇవి రెండు వేర్వేరు గొట్టాలు. వాల్వు నుంచి వచ్చే డ్రైను ప్రెషర్ మీద వస్తుంది. ఉప్పు ట్యాంకు పక్కనుండే ఓవర్‌ఫ్లో మాత్రం బరువు మీద దిగుతుంది. రెండింటినీ టీ వేసి కలిపేస్తే డ్రైను నీళ్లు ఉప్పు ట్యాంకులోకి తన్నుకొచ్చి నేలంతా పారుతుంది.

డ్రైను గొట్టం అర అంగుళం, పొడవు 6 మీటర్ల లోపు ఉండాలి. అంతకన్నా దూరమైతే ముప్పావు అంగుళం వేయండి. మలుపుల దగ్గర గొట్టాన్ని వంచేయకుండా ఎల్బో వాడండి, ఎండకి మెత్తబడ్డ గొట్టం వంచిన చోటే నలుగుతుంది. కొసని మురుగు పైపులోకి గుచ్చొద్దు. పైపు నోటికి నాలుగు సెంటీమీటర్ల పైన ఆపి క్లిప్పుతో కట్టేయండి. లైనులో శూన్యం ఏర్పడిన రోజు మురుగు వెనక్కి లాగకుండా కాపాడేది ఈ ఖాళీయే. గొట్టం కొస వదులుగా వదిలేస్తే మొదటి బ్యాక్‌వాష్‌కే పాములా ఎగిరి గోడలన్నీ తడిపేస్తుంది. ఒక్కో రీజనరేషన్‌కి 200 నుంచి 300 లీటర్ల నీళ్లు పోతాయి. అందులో ఉప్పు ఉంటుంది కాబట్టి మొక్కల వైపు మళ్లించొద్దు.

రెసిన్ నింపడం

వెసెల్‌ని దాని చోట పెట్టాకే నింపండి. నింపాక కదపడం కష్టం. లోపలి గొట్టం కింద జాలీ ఉంటుంది, అది వెసెల్ అడుగున ఉన్న గుంటలో సరిగ్గా కూర్చోవాలి. గొట్టం పై అంచు వెసెల్ నోటికి సమంగా ఉండాలి. ఎత్తుగా ఉంటే వాల్వు సరిగ్గా కూర్చోదు. రెండు సెంటీమీటర్లు పొట్టిగా కోస్తే లోపలి ఓ-రింగు దాన్ని పట్టుకోదు. పచ్చి నీళ్లు (రెసిన్ తాకని గట్టి నీళ్లు) ఆ సందులోంచి నేరుగా ఇంట్లోకి జారిపోతాయి, ఎన్నిసార్లు కడిగినా హార్డ్‌నెస్ తగ్గదు. గొట్టం నోటిని టేపుతో గట్టిగా మూయండి. ఒక్క గుప్పెడు పూసలు అందులో పడినా అవి తేలేది మీ షవర్ జాలీలోనే.

వెసెల్‌లో మూడో వంతు నీళ్లు పోసుకోండి. జాలీ మునిగేలా శుభ్రమైన గులకరాళ్లు, కంపెనీ ఇస్తేనే. తర్వాత వెడల్పు గరాటుతో రెసిన్. ఒకరు గొట్టాన్ని నిటారుగా పట్టుకుంటే ఇంకొకరు పోయాలి. గొట్టం పక్కకి ఒరిగితే తర్వాత లాగి సరిచేయడం కుదరదు. పైన వెసెల్ ఎత్తులో దాదాపు సగం ఖాళీ ఉంచండి, బ్యాక్‌వాష్‌లో పూసలు పొంగి కలియదిరగడానికి అది కావాలి. "ఇంకొంచెం పడుతుంది కదా" అని నిండా నింపితే అవి డ్రైనులోకి పోతాయి. నేల మీద పడ్డ పూసలని వెంటనే ఊడ్చేయండి. వాటి మీద కాలు పడితే జారి పడటం ఖాయం.

రెసిన్ సంచి విప్పాక ఎండనివ్వొద్దు. ఎండిపోయిన పూసల మీద నేరుగా నీళ్లు పోస్తే ఒక్కసారిగా ఉబ్బి పగులుతాయి. అలా ఎండితే ముందు 10 శాతం ఉప్పునీళ్లలో కొన్ని గంటలు నానబెట్టి, నెమ్మదిగా నీళ్లు కలుపుతూ పలచన చేయండి. నింపడం పూర్తయ్యాక టేపు తీసేసి, వెసెల్ నోటి మరలు తుడిచి, ఓ-రింగుకి గ్రీజు రాసి, వాల్వుని చేత్తో తిప్పి బిగించండి.

మొదటిసారి నీళ్లు వదిలేటప్పుడు

మొదట బైపాస్‌లో ఉంచి పైపులు కడగండి. కోసినప్పటి ప్లాస్టిక్ తురుము, ఇసుక ఇక్కడే పోవాలి. లేకపోతే అది నేరుగా ఇంజెక్టర్‌లో ఇరుక్కుంటుంది. తర్వాత వాల్వుని బ్యాక్‌వాష్ దశలో పెట్టి, ఇన్‌లెట్ వాల్వుని పావు వంతు మాత్రమే తెరవండి. గాలి బుసబుసమంటూ డ్రైనులోంచి పోతుంది. ఒక్కసారిగా తెరిస్తే ఆ గాలితో పాటు పూసలు కూడా పైకి ఎగిరి వాల్వులో చేరతాయి. డ్రైనులో నీళ్లు నిలకడగా వచ్చాక పూర్తిగా తెరవండి. కొత్త రెసిన్ తొలి నీళ్లకి పలచటి పసుపు రంగు, కాస్త వాసన ఉంటాయి. నీళ్లు తేటబడేదాకా పోనివ్వండి. 10 అంగుళాల వెసెల్‌కి బ్యాక్‌వాష్ నిమిషానికి 9, 10 లీటర్లుండాలి. డ్రైను కింద బకెట్ పెట్టి, గడియారం చూసి కొలవండి.

తర్వాత ఉప్పు ట్యాంకు. తొలిసారి చేత్తోనే 8 లీటర్ల నీళ్లు పోయండి. 2.8 కిలోల ఉప్పు కరగడానికి అంతే కావాలి, లీటరు నీటిలో సుమారు 360 గ్రాములు కరుగుతుంది. ఇప్పుడు అసలు పరీక్ష. ఉప్పు వేయకముందే వాల్వుని ఉప్పునీళ్లు లాగే దశలో పెట్టి, వాల్వుకీ ఉప్పు ట్యాంకుకీ మధ్యనున్న సన్న గొట్టాన్ని ట్యాంకు వైపు నుంచి విప్పి దాని కొస మీద వేలు పెట్టండి. వేలిని లోపలికి లాగినట్టు తెలియాలి. తిరిగి తగిలిస్తే ట్యాంకులో నీటి మట్టం కళ్లముందే దిగాలి, 10 నుంచి 20 నిమిషాల్లో ఆ 8 లీటర్లూ పోవాలి. వేలికి లాగుడు తగలకపోయినా, గొట్టంలోంచి నీళ్లు ఎదురొచ్చినా, ఆ రోజే కారణం వెతికి సరిచేయకుండా పని ముగించొద్దు. ఆ పరీక్ష పాసయ్యాక మళ్లీ 8 లీటర్లు పోసి, ఉప్పు వేయండి. నీళ్ల మట్టం పైన ఉప్పు కనిపించేంత చాలు, ట్యాంకు మూడింట రెండు వంతులకి మించి నింపొద్దు. రెండు గంటలు ఆగి పూర్తి రీజనరేషన్ ఒకటి నడపండి.

అయ్యాక అవుట్‌లెట్ శాంపిల్ కుళాయి నీళ్లు కిట్‌తో చూడండి. తొలి చుక్కకే నీలం రావాలి. పూర్తి సున్నా నీళ్లు ఒంటికి జారుడుగా ఉన్నాయనేవాళ్లకి వాల్వులోని మిక్సింగ్ స్క్రూ ఉంటుంది. 400 నీళ్లలో 15 శాతం పచ్చి నీళ్లు కలిపితే 60 దగ్గర ఆగుతుంది. మొదటి కొన్ని వారాలు పాత పైపుల్లోని సున్నపు పెచ్చులు ఊడి కుళాయి జాలీల్లో ఇరుక్కోవచ్చు. తీసి కడిగేస్తే చాలు.

సెట్టింగులు, ఉప్పు

వాల్వులో హార్డ్‌నెస్, రెసిన్ లీటర్లు, సమయం, రిజర్వు సరిగ్గా ఇవ్వండి. దశల సమయాలు బ్యాక్‌వాష్ 10 నిమిషాలు, ఉప్పునీళ్లు లాగి నెమ్మదిగా కడగడం 60, వేగంగా కడగడం 10. ఉప్పునీళ్ల దశ ఎక్కువనిపించి 20కి తగ్గించేవాళ్లుంటారు. అలా చేస్తే ఉప్పు పూసల మధ్యే ఉండిపోయి మర్నాడు కుళాయి నీళ్లు ఉప్పగా వస్తాయి. రీజనరేషన్ జరుగుతున్నంతసేపూ ఎక్కువ వాల్వులు ఇంట్లోకి పచ్చి నీళ్లే వదులుతాయి, అందుకే రాత్రివేళ పెడతారు. నీళ్లు వాడకపోయినా వారానికోసారి కడిగేలా గడువు పెట్టండి.

ఉప్పు 99.5 శాతం స్వచ్ఛతతో, బిళ్లలుగానో పెద్ద స్ఫటికాలుగానో ఉన్నదే కొనండి. వంటకి వాడే సన్న ఉప్పు అడుగున ముద్దకట్టి గొట్టాన్ని మూసేస్తుంది. తేమ ఎక్కువైనప్పుడు పైన ఉప్పు గట్టి పెంకులా కట్టి, కింద ఖాళీగా మిగులుతుంది. ట్యాంకు నిండుగా కనిపిస్తూనే ఉప్పు తగ్గకపోతే ముందు కర్రతో పొడిచి చూడండి.

తేడా వస్తే ఎక్కడ చూడాలి

హార్డ్‌నెస్ వస్తోందంటే మొదట బైపాస్ వాల్వు పూర్తిగా మూసి ఉందో లేదో చూడండి, చాలా ఫిర్యాదులు అక్కడే తేలిపోతాయి. తర్వాత ఉప్పు తగ్గుతోందా? తగ్గకపోతే ప్రెషర్ గేజీ, డ్రైను గొట్టం, ఇంజెక్టర్, సన్న గొట్టం నట్లు, ఇదే వరసలో. ఇంజెక్టర్ విప్పి దాని ముందున్న చిన్న జాలీ కడగండి. రంధ్రంలో సూది పెట్టి గెలకొద్దు, వెడల్పైతే లాగుడు పోతుంది. నట్టు వదులై గాలి లాగినా ఇంజెక్టర్‌కి ఉప్పునీళ్లు అందవు. ఉప్పు తగ్గుతున్నా హార్డ్‌నెస్ వస్తే, లోపలి గొట్టం ఓ-రింగు, లేదా మారిన నీళ్లు. ఎండాకాలంలో బోరు నీళ్ల హార్డ్‌నెస్ పెరుగుతుంది, సెట్టింగు పాతదే ఉండిపోతుంది.

ఉప్పు ట్యాంకులో నీళ్లు పెరుగుతూ పోతే లాగుడు లేనట్టు, లేదా నింపే దశని అదుపు చేసే చిన్న బిళ్ల దగ్గర చెత్త ఇరుక్కున్నట్టు. ఫ్లోటు అంటుకుపోయి ఉందా చూడండి. నీళ్లు ఉప్పగా ఉంటే డ్రైను సన్నగా పోతోంది, కడగడం పూర్తవట్లేదు. కుళాయిల్లో పూసలు వస్తే అడుగు జాలీ విరిగింది, వెసెల్ ఖాళీ చేయక తప్పదు. పూసలు ఎర్రటి మట్టి రంగులోకి మారితే ఐరన్ పట్టింది. రెసిన్ క్లీనర్‌ని ఉప్పు ట్యాంకులో కలిపి రెండు మూడు సార్లు రీజనరేషన్ నడిపితే తేరుకుంటుంది. అప్పటికీ తేరుకోకపోతే గుప్పెడు పూసలు తీసి వేళ్ల మధ్య నలిపి చూడండి. గట్టిగా, గుండ్రంగా ఉంటే ఇంకోసారి శుభ్రం చేయొచ్చు. పిండిలా నలిగిపోతే రెసిన్ మార్చే సమయం వచ్చినట్టే.